జరాభారము ఎవ్వరిది? – వార్ధక్యమున వైద్యము, బీమా, గృహస్థధర్మము

శ్రీ ఉమామహేశ్వరాభ్యాం నమః

మహాభారత ఆదిపర్వములోని యయాతి చరిత్ర ఆస్తికులకు సుపరిచితమే. శుక్రాచార్యుని శాపమువలన యయాతికి అకాలవార్ధక్యము ప్రాప్తించెను. ఆ జరను మరియొకరికి ఇచ్చి వారి యౌవనమును గ్రహింపవచ్చునని శుక్రుడే ఒక మినహాయింపును అనుగ్రహించెను. యయాతి తన కుమారులను ఒక్కొక్కరిని పిలిచి అడిగెను. యదువు కాదనెను. తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు కూడ కాదనిరి. కడగొట్టువాడైన పూరుడు మాత్రము తండ్రి జరను తాను ధరించెను. వేయి సంవత్సరముల పిమ్మట యయాతి విరక్తుడై, పుత్రుని యౌవనమును తిరిగి ఇచ్చి, తన జరను తాను స్వీకరించి వనమునకు వెడలెను.

కామము అనుభవముచే శమింపదను నీతికొరకు పౌరాణికులు ఈ కథను చెప్పుదురు. అది ముఖ్యార్థమే. ఇందు మరియొక సూక్ష్మము కూడ కలదు. వార్ధక్యమునకు ఒక బరువున్నది; ఆ బరువు తండ్రినుండి పుత్రునికి చేరగలదు. నేటి గృహములలో శాపములు లేవు, వరములు లేవు. అయినను తండ్రి జర పుత్రుని భుజములపైకి చేరుచునే యున్నది. శరీరపు ముడుతలు చేరవు గాని వైద్యవ్యయము చేరును, అప్పు చేరును, అమ్ముడుపోయిన పొలము చేరును, మనుమరాలి చదువు ఆగిపోవుట చేరును. యయాతి నోరు తెరచి అడిగినాడు. నేటి తండ్రి అడుగకయే, తాను ఇచ్చుచున్నానని తెలియకయే తన జరను ఇచ్చివేయుచున్నాడు.

ఈ విషయము కఠినముగా తోచవచ్చును. వృద్ధులను నిందించుట ఇచట ఉద్దేశము కాదు. ఏ వృద్ధుడును తన సంతానమునకు కష్టము కోరడు. అందువలననే ఈ భారము ఏ దారిని చేరుచున్నదో, దానిని ముందుగా ఆపు ఉపాయమేదో ధర్మదృష్టితో విచారింపవలసియున్నది.

అడవి అంచున వినబడు మాట

నల్లమల అడవుల నడుమ, కృష్ణానదికి ఉత్తరమున, ఎత్తైన పీఠభూమిపై నున్న అమ్రాబాద్ ప్రాంతము చుట్టును శైవక్షేత్రములు నెలకొనియున్నవి. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని ప్రసిద్ధిగాంచిన ఉమామహేశ్వరము అచ్చంపేట సమీపమున కొండచరియలో వెలసియున్నది. చైత్ర పూర్ణిమకు సలేశ్వరము జాతర జరుగును. భక్తులు లింగమయ్యను పిలుచుకొనుచు అడవిదారిని నడచి, లోతైన లోయలోనికి దిగి, జలపాతము చెంత స్వామిని దర్శింతురు. డెబ్బది ఏండ్ల అవ్వలు, తాతలు కఱ్ఱ ఊతముగా ఆ రాతిదారిని దిగుట అచటివారికి వింత కాదు.

దేవాలయమున అర్చన చేయించుకొనువారి సంకల్పములో అర్చకుడు ఆయువు, ఆరోగ్యము, ఐశ్వర్యము అను మూడింటిని వరుసగా పలుకును. ఆయువునకును ఐశ్వర్యమునకును నడుమ ఆరోగ్యము నిలిచియున్నది. ఆరోగ్యము లేని ఆయువు దుర్భరము. ఆరోగ్యము చెడిననాడు ఐశ్వర్యము నిలువదు. ఈ వరుసను అందరును ఏండ్ల తరబడి వినుచునే యుందురు. గోత్రనామములు చెప్పి, అక్షతలు తీసుకొని ఇంటికి పోయిన వృద్ధుడు మాత్రము ఛాతీలో పట్టినట్లుండుటను, కాలిపై మానని పుండును, రాత్రివేళ వచ్చు ఆయాసమును ఎవరికిని చెప్పడు. కుమారుడు కనిపెట్టి దవాఖానకు పోదమనిన, "నాకేమైతది బిడ్డా! ఉన్నన్ని దినాలు ఉంట. పైన మల్లన్న ఉన్నడు, ఆయనే చూసుకుంటడు" అనును.

ఈ మాట వినుటకు భక్తివాక్యమే. దీనియందు మూడు భావములు పెనవేసుకొనియున్నవి. మొదటిది ఈశ్వరార్పణబుద్ధి. రెండవది ఖర్చుకు భయము. మూడవది సంతానమునకు బరువు కారాదను సంకోచము. మొదటిది పూజ్యము. తక్కిన రెండును మానవసహజములు, క్షంతవ్యములు. తరచుగా ఆ రెండును మొదటిదాని వస్త్రమును కప్పుకొని బయటికి వచ్చుచున్నవి. భయము భక్తిగా మాటలాడుచున్నది. పేదరికము వైరాగ్యముగా కనబడుచున్నది.

వీనిని వేరుచేసి చూచుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. "ఒక్క రూపాయి ఖర్చు లేకుండ, ఎవరికిని పని చెడకుండ ఈ చికిత్స జరుగునన్నచో పోవుదువా?" అని ఆ వృద్ధుని అడుగవలెను. "అట్లయితే పోత" అని సమాధానము వచ్చెనా, అడ్డుపడినది వైరాగ్యము కాదు, ధనాభావము. వైరాగ్యమునకు వెల ఉండదు. ఉచితమైనను వద్దనగలవాడు నిజమైన విరక్తుడు. అతని నిర్ణయమును గౌరవింపవలెను. తక్కినవారి విషయమున మల్లన్న పేరు చెప్పి చికిత్స మానిపించుట స్వామికిని సేవ కాదు, వృద్ధునికిని మేలు కాదు.

పైగా, ఖర్చునకు భయపడి చేసిన ఉపేక్ష ఖర్చును తగ్గింపదు. పట్టించుకొనని రక్తపోటు పక్షవాతమునకు దారితీయును. అదుపు తప్పిన మధుమేహము మూత్రపిండములను, కంటిచూపును, పాదములను చెరచును. అర్ధరాత్రి తండ్రి కుప్పకూలిననాడు "నన్ను విడువుడు" అను అతని పాతమాటను ఏ కుమారుడును పాటింపడు. వాహనము మాట్లాడుకొని, దొరికిన ఆసుపత్రికి, అడిగినంత సొమ్ము కట్టి చేర్పించును. నూటికి నెలకు రెండు, మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చును. తొలినాడు కొద్దిపాటి మాత్రలతో తీరవలసినది తుదకు ఎకరము పొలముతో కూడ తీరదు. బరువు కారాదనుకొన్నవాడే పెనుబరువగుట ఇట్లు జరుగుచున్నది.

శాస్త్రము చెప్పిన వరుస

ఈ చిక్కుముడిని ప్రాచీనులు ఎరుగకపోలేదు. చరకసంహిత సూత్రస్థానమున పదునొకండవ అధ్యాయమునకు తిస్రైషణీయమని పేరు. ఏషణ యనగా అన్వేషణ, వాంఛ. ఇహపరములయందు హితము కోరు మనుష్యుడు మూడింటిని కోరవలెనని అచట చెప్పబడినది. అవి ప్రాణైషణ, ధనైషణ, పరలోకైషణ. వీని క్రమము గమనింపదగినది. ప్రాణము మొదటిది, ఏలయన అది పోయిన సర్వమును పోవును. రెండవది ధనము. సాధనసంపత్తి లేని దీర్ఘాయువు మహాపాపముతో సమానమని ఆచార్యుడు నిర్మొహమాటముగా పలికి, కృషి, పశుపాలనము, వాణిజ్యము, రాజసేవ మున్నగు జీవనోపాయములను కూడ పేర్కొనెను. పరలోకచింత మూడవది.

మోక్షశాస్త్రమును ఎరిగిన ఋషిసంప్రదాయము పరలోకమును మూడవ స్థానమున ఉంచుట దానిని తక్కువ చేయుట కాదు. మేడ ఎక్కువాడు మొదటి మెట్టును మొదట తొక్కవలెను. నొప్పితో మూలుగుచు, అప్పులవాని అడుగుల చప్పుడునకు ఉలికిపడుచు జపమాల త్రిప్పుట ఎంతటి సాధకునికైనను దుష్కరము. దీర్ఘాయువును కోరుచు, దానికి వలయు సాధనమును కూర్చుకొనకపోవుట అసంపూర్ణమైన సంకల్పము.

కుమారసంభవ కావ్యమున పార్వతీదేవి ఉగ్రతపస్సు చేయుచుండగా, బ్రహ్మచారి వేషమున వచ్చిన పరమశివుడు, శక్తికి మించి తపస్సు చేయుట లేదుగదాయని విచారించును. ధర్మసాధనములలో దేహమే మొదటిదని గుర్తుచేయును. దేహాభిమానము విడువుమని బోధించు యోగీశ్వరుడే దేహరక్షణను గూర్చి ప్రశ్నించుట ఇచట విశేషము. దేహాభిమానము వేరు, దేహరక్షణ వేరు. పూజాపాత్రను తోమి శుభ్రముగా ఉంచువాడు రాగిపై మోహము కలవాడని ఎవ్వరును అనరు.

"ప్రారబ్ధమును మందులు తప్పించునా?" యని కొందరు ఆక్షేపింతురు. ఆకలి కూడ శరీరధర్మమే. దానిని ప్రారబ్ధమని ఊరకుండక అందరును పొయ్యి వెలిగించుచున్నారు. తిస్రైషణీయ అధ్యాయముననే చికిత్స మూడు విధములని చెప్పబడినది. మంత్రము, హోమము, ఉపహారము మున్నగునవి దైవవ్యపాశ్రయము. ఆహారౌషధముల యుక్తమైన వినియోగము యుక్తివ్యపాశ్రయము. అహితవిషయముల నుండి మనస్సును మరల్చుట సత్త్వావజయము. మూడును చికిత్సలే. మృత్యుంజయ హోమము చేయించి మాత్ర మానుట గాని, మాత్ర వేసికొని ప్రార్థన మానుట గాని శాస్త్రము చెప్పలేదు.

అమ్రాబాద్ రైతునకు ఈ సమన్వయము క్రొత్తది కాదు. అతడు విత్తనము చల్లునాడు దేవునికి కొబ్బరికాయ కొట్టును. పంట ఎదిగిన పిమ్మట అడవిపందులు పడకుండ రాత్రులు మంచెపై కాపలా పండుకొనును. మంచె ఎక్కినంతమాత్రమున మల్లన్నపై అతని విశ్వాసము తగ్గినదని ఎవ్వరును అనుకొనరు. ఆరోగ్య బీమా కూడ అట్టి మంచెయే. పంటకు వేసిన మంచె దేహమునకు ఎందుకు వేయరాదు?

పాలమూరు నుండి మొదలైన పథకము

ఈ ప్రాంతవాసులకు బీమా యను భావన దూరదేశపు వస్తువు కాదు. నేడు నాగర్‌కర్నూలు జిల్లాలోనున్న అమ్రాబాద్ 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2007 ఏప్రిల్ 1న, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలమున, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకమును తొలుత మూడు జిల్లాలలో ఆరంభించెను. అవి అనంతపురము, శ్రీకాకుళము, మహబూబ్‌నగర్. కరవుకును, వలసకూలికిని పేరుపడిన పాలమూరు ఆ మూడింటిలో ఒకటి. అంతకుమునుపు పేదలకు పెద్దరోగము వచ్చినచో ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకొని ఎదురుచూచుట తప్ప మరియొక దారి అరుదు. అర్జీ యనగా అర్థించుట; అనుగ్రహమైన లభించును, లేనిచో లేదు. ఆరోగ్యశ్రీతో అది కార్డు చూపి పొందు హక్కుగా మారెను. ఆరంభమున కుటుంబమునకు ఏటా 1.5 లక్షల రూపాయలు, అవసరమైనచో మరి 50 వేలు పరిమితిగా ఉండెను. 2008లో పథకము రాష్ట్రమంతటికిని విస్తరించెను.

కేంద్రప్రభుత్వము 2018 సెప్టెంబరు 23న ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనను కుటుంబమునకు ఏటా 5 లక్షల పరిమితితో ప్రారంభించెను. తెలంగాణ 2021లో అందు చేరెను. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెంచబడినది. 2024 అక్టోబరు 29న, ధన్వంతరి జయంతినాడు, 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేక 5 లక్షల రూపాయల రక్షణ నొసగు ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రము ఆరంభించెను. ఇదివరకే ఆయుష్మాన్ పరిధిలోనున్న కుటుంబములలోని వృద్ధులకు ఈ మొత్తము ప్రత్యేకముగా, అదనముగా కేటాయింపబడినది. వయస్సునకు ఆధార్ కార్డే ప్రమాణము.

ఇట్టి రక్షణల విలువ దేశపు లెక్కలలో కూడ కనబడును. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారము 2013–14లో మొత్తము ఆరోగ్యవ్యయమున ప్రజలు చేతినుండి పెట్టుకొన్న భాగము 64.2 శాతము, 2021–22 నాటికి అది 39.4 శాతమునకు తగ్గెను. తగ్గినను, నూరు రూపాయలలో దాదాపు నలుబది ఇంకను గృహస్థుని కొంగుముడి నుండియే పోవుచున్నవి.

కార్డు పెట్టెలో ఉన్నంతమాత్రమున రక్షణ కలుగదు. ఆధార్‌లో పుట్టినతేదీ తప్పుగా నుండుట, రేషన్ కార్డులో ముసలి తల్లి పేరు లేకపోవుట, పేరు రెండు చోట్ల రెండు విధములుగా ఉండుట – ఇట్టివి ఆరోగ్యము బాగున్ననాడు చిన్నవి, ఆసుపత్రి కిటికీ ముందు పర్వతములు. వీనిని మీసేవ కేంద్రమున తీరికగా సవరించుకొనవచ్చును. ఆసుపత్రిలో చేరునపుడు మొదట కలియవలసినది ఆరోగ్యమిత్ర. చికిత్స పథకమున కలదా, అనుమతి వచ్చినదా యని అచట తెలిసికొనిన పిమ్మటనే సొమ్ము మాట ఎత్తవలెను. సందేహమున్నచో ఆరోగ్యశ్రీకి 104, ఆయుష్మాన్‌కు 14555, వృద్ధుల ఇతర సమస్యలకు 14567 సంఖ్యలకు ఫోను చేయవచ్చును.

కార్డు చేరని చోటు

బీమా ప్రధానముగా ఆసుపత్రిలో చేరిన రోగికి ఉపకరించును. వార్ధక్యపు వ్యాధులలో పెక్కు ఆసుపత్రి వెలుపలనే ఏండ్ల తరబడి నడచును. నెలనెలా మాత్రలు, ఆరునెలలకొక పరీక్ష, కంటి అద్దాలు, మోకాళ్ళకు నూనె, ప్రయాణపు ఖర్చు, తోడువచ్చినవాని పోయిన కూలి – వీనిలో అనేకము బీమాలెక్కలోనికి రావు. కావున కార్డు ఉన్నదని దినచర్యను విడచుట, గొడుగు ఉన్నదని ఇంటికి కప్పు వేయకుండుట వంటిది.

రక్తపోటు, మధుమేహములకు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో పరీక్షలును మాత్రలును ఉచితముగా లభించును. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ఆరంభమైన కంటివెలుగు శిబిరములలో ఊరూరను ఎందరో వృద్ధులు అద్దములు పొందిరి. 2022 నవంబరులో నాగర్‌కర్నూలున ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. 2005 ఆగస్టు 15 నుండి 108 వాహనము తెలుగునాట నడచుచున్నది. అయినను అడవిలోని చెంచుపెంటలకు, ఫోను అందని మూలలకు దూరము దూరమే. శ్రీశైలము దారిలో మన్ననూరు దాటిన పిమ్మట వన్యమృగరక్షణార్థము రాత్రివేళ సామాన్య వాహనసంచారము నిషిద్ధము. ఇట్టి చోట నివసించువారు ఏ లక్షణము కనబడిన ఏ ఆసుపత్రికి పోవలెను, ఏ వాహనము పిలువవలెను, కాగితములు ఏ సంచిలో ఉన్నవి అను మూడింటిని ముందే నిశ్చయించుకొనుట ప్రాణైషణలో భాగమే.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములని చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. బీమా మొదటి రెంటిని సమకూర్చగలదు. మూడవపాదమైన పరిచారకుని ఏ కార్డును తేజాలదు. వేళకు మాత్ర ఇచ్చు కోడలు, బస్టాండువరకు చేయిపట్టి నడిపించు మనుమడు, రాత్రి లేచి నీళ్ళందించు భార్య – వీరే ఆ పాదము. నాలుగవపాదము రోగి. ఉన్నది ఉన్నట్లు చెప్పుట, పథ్యము పాటించుట అతని ధర్మము. నొప్పిని దాచు వృద్ధుడు తన చికిత్సకు ఒక కాలు తానే విరుచుకొనుచున్నాడు.

తల్లిదండ్రుల పోషణలో అన్నవస్త్రములతో పాటు వైద్యము కూడ చేరునని 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. ధర్మశాస్త్రము ఋణమని చెప్పిన దానిని చట్టము హక్కుగా వ్రాసినది. చట్టమువరకు పోనవసరము లేని గృహము భాగ్యవంతము.

కార్డు లేనివారి సంగతి

ప్రభుత్వ కార్డునకు అర్హత లేక, పెద్ద ఉద్యోగపు వసతియు లేక నడుమ చిక్కుకొన్నవారు అనేకులు: చిన్నవర్తకులు, ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులు, పౌరోహిత్యముతో జీవించువారు. పల్లెదేవాలయములలో ధూప దీప నైవేద్య పథకమున పనిచేయు అర్చకుల గౌరవభృతిని నెలకు 6,000 నుండి 10,000 రూపాయలకు పెంచుచున్నట్లు 2023లో ప్రభుత్వము ప్రకటించెను. పదివేలతో గృహము నడుపుకొనువాడు డెబ్బదవ ఏట వచ్చు హృద్రోగమునకు విడిగా కూడబెట్టుట అసాధ్యము. కార్డునకు అర్హత కలదేమో మొదట విచారించి, లేనిచో ఆరోగ్యముగా ఉన్న వయస్సుననే సొంతబీమా తీసికొనుట అట్టివారికి శ్రేయస్కరము.

సొంతబీమా విషయమున కొన్ని నియమములు తెలిసియుండవలెను. బీమా నియంత్రణ సంస్థ 2024లో చేసిన మార్పుల వలన 65 ఏండ్లు దాటినవారికి క్రొత్త పాలసీ ఇవ్వరాదను పాత అడ్డంకి తొలగినది. ముందే ఉన్న వ్యాధులకు వేచియుండవలసిన కాలము గరిష్ఠముగా మూడేండ్లకు తగ్గినది. ఐదేండ్లు ఎడతెగక పాలసీ నడచిన పిమ్మట, మోసము రుజువైన సందర్భమున తప్ప, పాతవివరములు చెప్పలేదను నెపమున సొమ్ము నిరాకరింపరాదు. 60 ఏండ్లు దాటినవారి ప్రీమియమును ఏడాదికి 10 శాతమునకు మించి, సంస్థను సంప్రదింపక పెంచరాదని 2025 జనవరిలో ఆదేశము వచ్చినది. వ్యక్తిగత ఆరోగ్యబీమాపై నున్న 18 శాతము జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి తొలగింపబడినది.

ఇందు సత్యవ్రతము ప్రధానము. పాలసీ పత్రమున మధుమేహము ఉన్నదా యని అడిగినచో, ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. ప్రీమియము పెరుగునని గాని, ఏజెంటు వద్దన్నాడని గాని దాచినచో, ఆపద వచ్చిననాడు ఆ అసత్యమే కాగితరూపమున ఎదురు నిలుచును. సత్యము ధర్మమే కాదు, ఇచట అది ఆత్మరక్షణ కూడ. పాలసీ చేతికి వచ్చిన పిమ్మట 30 దినములలోపల చదివి, నచ్చనిచో తిరిగి ఇచ్చు వీలున్నది. గదిఅద్దె పరిమితి ఎంత, రోగి భరింపవలసిన వాటా ఎంత, ఏ వ్యాధికి ఎంతకాలము వేచియుండవలెను – ఈ మూడును చదువరియైన కుమార్తెచేతనో కుమారునిచేతనో చదివించుకొనవలెను. అన్యాయముగా నిరాకరించినచో బీమా లోక్‌పాల్‌కు ఫిర్యాదు చేయవచ్చును.

"పదేండ్లు కట్టితిమి, ఒక్కనాడును వాడుకొనలేదు, సొమ్మంతయు వ్యర్థమైనది" అని విచారించువారు కలరు. ఆ సొమ్ము ఎచటికి పోయినదో ఆలోచింపవలెను. అదే ఏట అదే నిధిలోనుండి ఎవరో ఎరుగని ఒక తల్లికి శస్త్రచికిత్స జరిగియుండును. ఆమెయు తన ఆరోగ్యదినములలో ఆ నిధికి సమర్పించినదే. యజ్ఞమున ప్రతివాడును కొంత నేయి, కొన్ని సమిధలు తెచ్చును, ఫలము అందరిది. గీతాచార్యుడు మూడవ అధ్యాయమున చెప్పిన పరస్పర పోషణభావమును ఇట్టి వ్యవస్థయందు కూడ దర్శింపవచ్చును. రోగము రాక ప్రీమియము పోయినవాడు నష్టపోలేదు. అతనికి దక్కినది ఆరోగ్యము, అతడు చేసినది దానము.

పూరుని కథకును నేటి బీమాకును గల భేదము ఇదియే. అచట ఒక తండ్రి జరను ఒక్క కుమారుడు వేయేండ్లు మోసెను. ఇచట ఒకని వ్యాధిభారమును వేలమంది తలకొక పిడికెడుగా పంచుకొందురు. ఏ ఒక్క పూరుని వెన్నును విరుగదు.

ఎచట ఆగవలెను

దేహరక్షణ ధర్మమే గాని, దేహమును ఎన్నడును విడువకుండుట ధర్మము కాదు. కోలుకొనుట అసాధ్యమని వైద్యులు నిశ్చయించిన పిమ్మట యంత్రముల నడుమ దినములు పొడిగించుట తనకు సమ్మతమా కాదా యనునది వృద్ధుడు మాటలాడగలిగిననాడే చెప్పవలెను. గౌరవప్రదమైన మరణము జీవనహక్కులో భాగమని 2018 మార్చి 9న సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పి, ముందస్తు వైద్యనిర్దేశమును అంగీకరించినది. 2023లో ఆ విధానమును సులభతరము చేసినది. అంత్యదశలో నొప్పిని తగ్గించి శాంతిని కలిగించు ఉపశమనచికిత్స కూడ వైద్యమే. ఈ మాటలు అశుభములని ఇంటిలో ఎవ్వరును ఎత్తరు. ఎత్తనందున తుదిఘడియలో ఒక కుమారుడు చాలుననును, ఒకడు చాలదనును; తండ్రిపోయిన పిమ్మటను ఆ కలహము నిలిచిపోవును.

ఇచటనే వైరాగ్యమునకు నిజమైన చోటున్నది. మానని పుండును దాచుటయందు, రక్తపోటు మాత్రను మానుటయందు దానిని ఖర్చుచేయరాదు. చేయదగిన చికిత్స చేయించుకొని, ఋణము మిగుల్చక, చెప్పవలసినది చెప్పి, ఆపై దేహమును ఈశ్వరునికి అప్పగించుటయందు దానిని వినియోగింపవలెను. యయాతి చివరకు చేసినది కూడ ఇదియే: తన జరను తాను స్వీకరించి, పుత్రుని యౌవనమును పుత్రునికి విడిచిపెట్టెను.

ఆశ్వయుజ బహుళ త్రయోదశి ధన్వంతరి జయంతి. ఆనాడు కొందరు బంగారము కొందురు, కొందరు దీపము వెలిగింతురు. దీపము వెలిగించిన పిమ్మట ఇంటిలోని పెద్దలకు నమస్కరించి, వారి ఆధార్ కార్డును, ఆరోగ్యకార్డును బయటికి తీసి పేర్లు, తేదీలు సరిచూచి, పాలసీ ఉన్నచో గడువు ఎన్నడో గుర్తించి, మరునాడే వారిని రక్తపోటు, మధుమేహ పరీక్షలకు కొనిపోవుటను కూడ ఆ పండుగ ఆచారములలో చేర్చుకొనవచ్చును. "నాకేమైతది బిడ్డా" అని వారు అనకమానరు. "నీకేమీ కావద్దనే నాయినా, మల్లన్నకు మొక్కి వచ్చినం, ఇగ దవాఖానకు గూడ పోయొద్దాం పా" అని చేయి పట్టుకొనుట సంతానపు వంతు.

ఇతి శివమ్.